పొలంలో నిలబడే నమ్మకాలు

(హైదరాబాదులో ఒక పఠన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం. నగరం నుంచి వెళ్ళి వ్యవసాయంలో కుదురుకున్న మనుషుల నమ్మకాలు ఎలా మారతాయనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. దీని మీద రెండు రకాల కథలు ఇప్పటికే బాగా ప్రచారంలో ఉన్నాయి. ఐటీ ఉద్యోగం వదిలి పల్లెకు వెళ్ళి మనశ్శాంతి పొందినవారి కథ మొదటిది. కూడబెట్టుకున్న డబ్బంతా మట్టిపాలై తిరిగి వచ్చినవారి కథ రెండవది. మనిషి ఏ నమ్మకంతో బయలుదేరాడో చివరికి ఆ నమ్మకం గెలిచిందా, ఓడిందా అన్నదే ఈ రెండు కథల్లోనూ లెక్క. నేను, నా భార్య నగరంలో ఉద్యోగాలు మానుకొని తాండూరు ప్రాంతంలో నల్లరేగడి చేను సాగు చేసుకుంటున్నాము. మా అనుభవంలోనూ, మాలాగే వచ్చిన మరికొందరి విషయంలోనూ నేను చూసినది ఈ రెండు కథలకూ సరిపోదు.

నగరంలో ఒక అభిప్రాయాన్ని పట్టుకొని ఉన్నా, వదిలేసినా మన నెలజీతానికీ, మనం తినే అన్నానికీ ఏ లోటూ రాదు. రసాయన ఎరువులు వాడకూడదని నమ్మేవాడూ, వాడక తప్పదని నమ్మేవాడూ ఒకే దుకాణంలో ఒకే బియ్యం కొనుక్కొని ఎదురెదురు ఇళ్ళలో హాయిగా బతకగలరు. పొలంలో ఆ వెసులుబాటు ఉండదు. రేపు తెల్లవారి ఏ పని చెయ్యాలి, ఎవరిని పిలవాలి, చేతిలో ఉన్న డబ్బులో ఎంత తియ్యాలి అన్నది అక్కడ నమ్మకమే తేలుస్తుంది. అందుచేత పొలంలోకి వచ్చిన నమ్మకం ముందు తన సైజు తగ్గించుకుంటుంది, తరువాత ఇరుగుపొరుగుతో ముడిపడుతుంది, ఆ రెండింటినీ తట్టుకుంటే గట్టిపడుతుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా ఇది ఎలా జరుగుతుందో చూపించడమే.

మనకంటే ముందు నడిచినవాళ్ళతో మొదలుపెడతాను. 1904లో గాంధీజీ జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు వెళుతూ రైలులో ఒక ఆంగ్ల గ్రంథం చదివారు. నేలను దున్నే మనిషి జీవితమూ, చేతివృత్తి చేసుకునే మనిషి జీవితమూ బతకదగిన జీవితాలని ఆయనకు అందులో తేటపడింది. కొద్దికాలంలోనే డర్బన్‌కు 14 మైళ్ళ దూరంలో ఫీనిక్స్ దగ్గర భూమి కొని, తాము నడిపే ఇండియన్ ఒపీనియన్ పత్రిక అచ్చుయంత్రంతో సహా అందరూ అక్కడికి మారారు. అక్కడ అచ్చు వేయవలసిన మొదటి రాత్రే ఆయిల్ ఇంజను మొరాయించింది. ఎందుకైనా మంచిదని అమర్చి ఉంచిన చేతిచక్రాన్ని తిప్పడానికి ఉన్నవాళ్ళు చాలక, ఆ పక్కనే నిద్రపోతున్న వడ్రంగులను లేపి బతిమాలుకొని, వంతులవారీగా తెల్లవార్లూ తిప్పి పత్రికను సకాలంలో తెచ్చారు. ఆ తరువాత కొంతకాలం ఇంజనును కావాలనే పక్కన పెట్టి చేతులతోనే పని నడిపారు. ఫీనిక్స్ నైతికంగా ఎంతో ఎత్తున ఉన్న రోజులవి అని గాంధీజీ రాసుకున్నారు. శరీరశ్రమ గొప్పదన్న నమ్మకం రైలులో పుట్టిందన్నది అందరికీ తెలిసిన సంగతి. కానీ అది నమ్మకంగా నిలబడింది మాత్రం, అలసిపోయిన వడ్రంగులు లేచి వచ్చి చక్రం మీద చెయ్యి వేసినప్పుడేనని నేను అనుకుంటాను. వాళ్ళు రాకపోతే పత్రిక బయటికి వచ్చేది కాదు.

రెండవ ఉదాహరణ జపానుకు చెందిన మసనోబు ఫుకువోకా. ప్రకృతి సేద్యం గురించి ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. ఆయన 1913లో షికోకు దీవిలో పుట్టారు. యొకొహామా ఓడరేవులో సుంకాల శాఖ తరఫున మొక్కల తెగుళ్ళను పరీక్షించే ఉద్యోగం చేశారు. 25 ఏళ్ళ వయసులో తీవ్రంగా జబ్బుపడి కోలుకున్న తరువాత, మనిషి చేసే పనులన్నీ అనవసరమేనన్న భావన ఆయనను పట్టుకుంది. ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చి తండ్రి నారింజ తోట చూసుకోవడం మొదలుపెట్టారు. ప్రకృతికి వదిలేస్తే చాలు, చెట్టు తనంతట తాను బాగుంటుందన్న నమ్మకంతో కొమ్మలు కత్తిరించడం ఆపేశారు. అప్పటిదాకా ఏటేటా కత్తిరింపుకు అలవాటుపడిన ఆ చెట్ల కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి, పురుగు పట్టింది, చెట్లు ఎండిపోయాయి. చేతులు కట్టుకొని వదిలేయడం వేరు, ప్రకృతితో కలిసి సేద్యం చేయడం వేరు అన్నది ఆయన ఆ తోటలో నేర్చుకున్నారు. మనిషి ఒకసారి చెయ్యి పెట్టి మార్చిన చెట్టుకు ఆ తరువాత కూడా మనిషి బాధ్యత వహించాలి. ఆ ఎండిన చెట్ల నుంచి, కాలువ గట్ల మీద ఏ మొక్క ఎప్పుడు మొలుస్తుందో, గడ్డి కప్పిన మడిలో ఏ గింజ ఎలా లేస్తుందో దశాబ్దాలపాటు గమనించే సేద్యగాడు తయారయ్యారు. 1988లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2008లో కన్నుమూశారు. మొదటి నమ్మకం ఆయనను విడిచిపోలేదు, కానీ దాని పరిధి చాలా తగ్గింది. లోకంలో మనిషి చేసే పనులన్నీ అనవసరమన్న మాట నుంచి, ఈ మడిలో ఈ నెలలో ఏ పని అవసరం లేదో కనిపెట్టడం వరకూ వచ్చింది. ఆ చిన్న రూపమే ప్రపంచానికి పనికొచ్చింది.

ఇక మన నేల సంగతికి వస్తాను.

నగరంలో శాస్త్రీయ దృక్పథంతో పెరిగిన మనిషికి పల్లెలో ముందుగా ఎదురయ్యేవి కార్తెలు. మృగశిరలో ఏం చెయ్యాలి, ఆరుద్ర ఎలా కురవాలి, హస్త వాన దేనికి మంచిది అని అక్కడివారు మాట్లాడుకుంటుంటే, అదంతా పంచాంగం, కనుక నమ్మదగినది కాదని తోసివేయడం తేలిక. కార్తె అంటే ఏమిటో కాస్త లోతుగా చూస్తే విషయం వేరుగా ఉంటుంది. తిథులు, పండుగలు చంద్రుడి లెక్క. చాంద్రమాన సంవత్సరం సౌరసంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి అధికమాసాలు వేసి సర్దుతాము, అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలోనూ, మరో ఏడు ఏప్రిల్‌లోనూ వస్తుంది. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదానిలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. అందుచేత మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది, ఆరుద్ర జూన్ 21, 22 తేదీల్లోనే వస్తుంది. పండుగలను చంద్రుడికి అప్పగించిన రైతు, విత్తనాన్ని మాత్రం సూర్యుడికి అప్పగించాడు. ఋతువులను నడిపేది సూర్యుడే కనుక ఇది ఎంతో తెలివైన ఏర్పాటు.

అలాగని సామెతలన్నీ అక్షరసత్యాలని నేను అనను. నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ మధ్య ఏడాదికి 20 నిమిషాల పైచిలుకు తేడా ఉంది. అది 70 ఏళ్ళకు సుమారు ఒక రోజు, వెయ్యేళ్ళకు సుమారు ఒక కార్తె అవుతుంది. ఎప్పుడో పుట్టిన సామెత ఈనాటి వానకు అచ్చంగా అతకకపోవడానికి ఇదొక కారణం, మారుతున్న వాతావరణం మరొకటి. అయినా "మఖలో మానెడు చల్లే కంటే ఆరుద్రలో అడ్డెడు చల్లడం మేలు" అన్న మాట, అదును తప్పిన తరువాత విత్తడం కంటే అదునులో విత్తడమే మేలని చెబుతుంది. దీన్ని ఏ వ్యవసాయ శాస్త్రవేత్తా కాదనడు. విత్తడానికి తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగమని శాస్త్రవేత్తలు చెబుతారు. మా పక్క చేను పెద్దాయన వద్ద వానమాపకం లేదు. ఆయన గడ్డపారతో జానెడు గుంత తీసి, అడుగునున్న మట్టిని పిడికిట్లో నొక్కి, వేళ్ళు తెరిచి, ముద్ద విడిపోతుందా నిలుస్తుందా అని చూస్తాడు. నేను ఫోనులో వర్షపాతం లెక్క చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "మంచిదే సారూ, గని మన చేన్ల ఎంత దిగిందో గది సూడాలె" అన్నాడు. ఈ రెండు పద్ధతులూ ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాయి. నేల లోపలి తడి ఎంత అన్నదే ఆ ప్రశ్న. శాస్త్రం మీద నాకున్న విశ్వాసం ఇక్కడికి వచ్చాక ఏమీ తగ్గలేదు. శాస్త్రం ఎవరి దగ్గర ఉంటుందన్న నమ్మకం మాత్రం మారింది.

వాన గురించి మరొక్క మాట. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్ల నీళ్ళు. 60 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి 2 లక్షల 40 వేల లీటర్లు, అంటే మన అపార్టుమెంట్లకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 48. ఇంత నీటిని ఏ మనిషీ డబ్బు పెట్టి తేలేడు. ఆ నీళ్ళు మన చేను మీద పడతాయో, దారికి అవతలి చేను మీద పడి ఆగిపోతాయో ఎవరి చేతిలోనూ లేదు. ఒకే రోజు, ఒకే విత్తనం, ఒకే గొర్రుతో విత్తిన రెండు చేలలో ఒకటి మొలిచి, మరొకటి మొలవకపోవడం మా ఊళ్ళో అందరూ చూసే సంగతే. కష్టపడినవాడు పైకి వస్తాడు, వెనకబడినవాడి కష్టంలో ఏదో లోపం ఉంది అన్న నమ్మకం నగరంలో మనకు చదువుతో పాటు ఒంటబడుతుంది. రైతు అప్పుల గురించి వార్త చదివినప్పుడు "ప్రణాళిక లేకపోవడం వల్లే" అని తేలిగ్గా అనగలిగేది ఆ నమ్మకం వల్లనే. పొలంలో దానికి చోటు లేదు. 1997, 98 సంవత్సరాలలో వరంగల్లు ప్రాంతంలో పత్తి రైతులు పురుగును ఆపలేక, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళకు కష్టపడటం రాక కాదు. ఆ సంవత్సరాల గురించి అప్పటి రైతుల నోటి నుంచి విన్నాక, విజయానికీ యోగ్యతకూ మనం వేసే ముడి మీద నాకు పూర్తిగా నమ్మకం పోయింది.

మరి శ్రమకు ఫలితం ఖాయం కానప్పుడు మనిషి దేన్ని నమ్ముకోవాలి? ఊరి జవాబు చేనులోనే కనిపిస్తుంది. మెట్ట చేనులో కంది ఒక్కటే వెయ్యరు. కొన్ని సాళ్ళు జొన్న, కొన్ని సాళ్ళు కంది, మధ్యలో పెసర, ఎక్కడో అనుములు, అలసందలు. పెసర రెండు నెలలు దాటగానే చేతికి వస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలుస్తుంది. ముందు వాన తప్పితే ఒకటి పోతుంది, వెనక వాన తప్పితే ఇంకొకటి పోతుంది, అన్నీ పోవడం అరుదు. దీన్ని విధికి తల ఒగ్గడం అనే పండితులు ఉన్నారు. ముందుచూపు అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు.

జహీరాబాద్ ప్రాంతంలో ఈ జ్ఞానాన్ని గుర్తించి దానికి గౌరవం తెచ్చిన మనిషి కూడా నగరం నుంచి వెళ్ళినవారే. పి.వి. సతీష్ గారు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా పనిచేసి, 1983లో మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. పస్తాపూర్ కేంద్రంగా, ఎక్కువగా దళిత మహిళలతో ఏర్పడిన ఊరి సంఘాలు పడావు పడిన భూములను సాగులోకి తెచ్చాయి, జొన్నలు, కొర్రలు, సామలు పండించాయి, ధాన్యనిధులు నడిపాయి, విత్తనాలను బూడిద, వేపాకు కలిపి పేడ అలికిన బుట్టల్లో దాచి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నాయి. 2008లో మాచనూరులో ఆ మహిళలే నడిపే సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. బడి ముఖం చూడని స్త్రీలు వీడియో కెమెరాలు పట్టి తమ పంటల మీద తామే చిత్రాలు తీశారు. సతీష్ గారు 2023లో మరణించారు. కెమెరా వెనక నిలబడి పల్లెకు చదువు చెప్పే వ్యవస్థలో పనిచేసిన మనిషి, చివరికి ఆ కెమెరానే పల్లె చేతికి ఇవ్వడం నాకు చాలా పెద్ద మార్పుగా కనిపిస్తుంది. పల్లెకు వెళ్ళే చదువుకున్నవాళ్ళు దీని గురించి ఎంత ఆలోచించినా తక్కువే.

కలుపు గురించి మాకున్న అభిప్రాయం మారిన తీరు కూడా ఇలాంటిదే. వర్షాకాలం మొదట్లో మెట్ట చేలల్లో గునుగు విపరీతంగా మొలుస్తుంది. మా చేనులో కలుపు తీయడానికి వచ్చిన ఒక పెద్దమ్మ పీకిన గునుగులో లేత మొక్కలను వేరుగా ఏరి కొంగులో వేసుకుంటుంటే నా భార్య ఎందుకని అడిగింది. "లేతగున్నప్పుడు కూర బిడ్డా. ముదిరితే గడ్డి. గట్టు మీద కొన్ని ఇడిసిపెట్టు, బతుకమ్మకు పువ్వు గావాలె" అని ఆమె జవాబు. ఒకే మొక్క ఆషాఢంలో కూర, శ్రావణంలో కలుపు, పెత్రమాస నాటికి దేవత. పనికొచ్చేది, పనికిరానిది అనే గీత ఆ మొక్కలో లేదు. మొక్క ఎక్కడ ఉంది, ఏ నెలలో ఉంది, ఎవరికి కావాలి అన్నదాన్ని బట్టి ఆ గీత జరుగుతూ ఉంటుంది. ఆ మాట విన్న తరువాత మా గట్ల మీద గునుగు ఉంచుతున్నాము. చేనులో ఉన్నదాన్ని మాత్రం పీకక తప్పదు, కందికి మొదటి రెండు నెలలు కలుపు లేకుండా చూడాలి.

ఇప్పుడు నాకు చాలా బరువైన విషయానికి వస్తున్నాను. నేను శాకాహారిని. ప్రాణిహింస చేయకుండా బతకవచ్చునని నమ్మినవాణ్ణి, ఆ నమ్మకాన్ని నా ఆహారం నిలబెడుతోందని భావించినవాణ్ణి. నా ఆహారంలో ముఖ్యమైనది కందిపప్పు. కంది పూతకూ, కాతకూ వచ్చిన సమయంలో శనగపచ్చ పురుగు కాయలోకి తల దూర్చి, ఒళ్ళు బయట ఉంచి, లోపలి గింజలన్నీ తినేస్తుంది. పురుగుమందు కొట్టకుండా దీన్ని ఆపడానికి మా ప్రాంతంలో ఒక పాత పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు సాళ్ళ మధ్య ఒక పట్టాను పరుచుకుంటూ లాగుతారు, ఇంకో ఇద్దరు మొక్కలను మొదలు దగ్గర పట్టుకొని మెల్లగా ఊపుతారు. ఎదిగిన పురుగులు పట్టా మీద రాలతాయి. ఆకుపచ్చవి, గోధుమరంగువి, కొన్ని కాస్త ఎర్రగా ఉన్నవి. పట్టా కదులుతుంటే వాటి ఒళ్ళు మెలికలు తిరగడం కనిపిస్తుంది. సాలు చివరకు వచ్చేసరికి పట్టా మడతలో గుప్పిళ్ళకొద్దీ చేరతాయి. వాటిని కోళ్ళకు వేస్తారు. ఆ పని నా చేతులతో నేను చేస్తాను.

పురుగుమందు కొట్టినా ఇవే చస్తాయి, కాకపోతే నేను చూడను. వీటితో పాటు తేనెటీగలు, సాలీళ్ళు, పురుగును తినే పురుగులు కూడా చస్తాయి, వాటినీ చూడను. చేనులో అక్కడక్కడా పంగల కర్రలు పాతితే వాటి మీద ఏట్రింతలు, గోరింకలు వాలి పురుగులను ఏరుకు తింటాయి. అప్పుడు చంపేది పక్షి, పిలిచింది నేను. నగరంలో నా పళ్ళెంలోని పప్పులో ఈ చావులన్నీ అంతకుముందు కూడా ఉన్నాయి. అహింస మీద నా విశ్వాసం పోలేదు. నేను ఏ ప్రాణినీ చంపను అని చెప్పుకోవడం మాత్రం మానేశాను. ఎంత తక్కువ చంపగలను, చంపవలసి వచ్చినప్పుడు కళ్ళు తెరుచుకొని చేయగలనా అన్నది ఇప్పుడు నా ప్రశ్న. ఇది చిన్నదే కావచ్చు. కానీ దీనితో రేపు ఉదయం చేనులోకి వెళ్ళి పని చేయగలుగుతాను. అడవి పందులు వచ్చిన రాత్రి చుట్టూ కట్టిన పాత చీరలు చిరిగిపోయి, తెల్లవారి చేను కుళ్ళగించి ఉన్నప్పుడు పొరుగువాళ్ళ కోపాన్ని అర్థం చేసుకోవడానికి కూడా అది ఉపయోగపడింది.

సేంద్రియ సేద్యం మీద నమ్మకం గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే నగరం నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది దానికోసమే వస్తారు. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి ఎకరానికి జీవామృతం తయారు చేయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. పక్క చేనులో మందు కొడితే గాలికి అది మన చేనులోకి వస్తుంది, మన చేనులో పెరిగిన పురుగు పక్క చేనులోకి పోతుంది. అందువల్ల ఈ నమ్మకాన్ని ఒక్కడు తన గట్ల లోపల కాపాడుకోలేడు. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల, జనగామ వైపు ఏనబావి వంటి ఊళ్ళు 2000 తరువాతి యేళ్ళలో పురుగుమందుల నుంచి బయటపడ్డాయంటే, ఊరంతా కూర్చుని మాట్లాడుకొని, మహిళా సంఘాలు గట్టిగా నిలబడి, పంచాయతీ స్థాయిలో నిర్ణయించుకోవడం వల్ల సాధ్యమైంది. వ్యక్తిగత విశ్వాసం అని మనం పిలిచేది అక్కడ ఊరి ఒప్పందంగా మారింది. ఇంకొక సంగతి. పంట పోతే మాకు బ్యాంకులో నిల్వ ఉంది, తిరిగి వెళ్ళగల చదువు ఉంది. అప్పు తెచ్చి విత్తిన మనిషి పూత మీద పురుగు చూసి మందు కొడితే, ఆయనకు నేలంటే ప్రేమ లేదని తీర్పు చెప్పే హక్కు మాకు లేదు. ఆయన తీసుకునే ప్రమాదం మేము తీసుకోవడం లేదు.

స్వయంపోషకత్వం అన్న నమ్మకం అన్నింటికంటే త్వరగా కరిగిపోయింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని పల్లెకు వస్తారు. తీరా చూస్తే నగరంలోకంటే ఎక్కువమంది అవసరం పడతారు. కలుపు తీయడానికి పదిమంది ఆడవాళ్ళు ఒకే వారంలో కావాలి, ఆ వారమే ఊరందరికీ కావాలి. ఎవరింటికి పెళ్ళికి వెళ్ళాము, ఎవరి చావుకు వెళ్ళాము, ఎవరి చేనుకు బదులు కూలికి పోయాము అన్నదాన్ని బట్టి మన చేనులోకి మనుషులు వస్తారు. వచ్చిన ఆ ఆడవాళ్ళకు కలుపు తెలుసు, విత్తనం తెలుసు, పురుగు తెలుసు, అయినా కాగితాల్లో వాళ్ళు కూలీలు. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నందువల్ల నన్ను రైతు అంటారు. 2018లో మొదలైన రైతుబంధు సాయం ఎకరానికి ఇంత చొప్పున పట్టాదారుల ఖాతాల్లో పడింది. అదే భూమిని కౌలుకు చేసి నష్టపోయిన మనిషికి అందలేదు. నగరంలో ఉంటూ భూమి కొని కంచె వేసి వదిలేసినవాళ్ళకు మాత్రం అందింది. శంకరపల్లి నుంచి వికారాబాద్ దాకా రోడ్డు పొడవునా ఫామ్‌హౌసుల గోడలు చూస్తూ వస్తుంటే, ప్రకృతికి దగ్గరవుదామన్న మనలాంటివాళ్ళ కోరిక వల్లనే భూమి ధర, సేద్యం చేసుకునే మనిషికి అందనంత ఎత్తుకు పోయిందన్న సంగతి దాచలేము. ఈ వేదిక మీద ఈ మాట చెప్పకుండా మిగతావి చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు.

దేవుడి గురించి అడిగేవారు ఉంటారు. ఏరువాక పున్నమి నాడు ఎడ్లకు పసుపుకుంకుమలు పెట్టి నాగలి పూజ చేస్తారు, కట్టమైసమ్మకు బోనం తీస్తారు. నేను పూజలు చేసే ఇంట్లో పెరగలేదు, ఈనాటికీ నాకు నా సందేహాలు ఉన్నాయి. కానీ చెరువు కట్ట మీద ఆ గుడి ఉన్నచోట కట్టను ఎవరూ తవ్వరు, అక్కడ మురికి వెయ్యరు. బోనాల నాడు నేనూ వెళతాను, వరుసలో నిలబడతాను. నమ్మితేనే పాల్గొనాలన్న నియమం ఊళ్ళో ఎవరూ నాకు పెట్టలేదు.

ధరల విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా తలకిందులైంది. నగరంలో పప్పు ధర తగ్గిందన్న వార్త మంచి వార్త. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా అందరికీ సంతోషమే. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. క్వింటాలు కందులు మర పట్టిస్తే చేతికి వచ్చే పప్పు సుమారు 70 కిలోలు. మరోవైపు 2021 మే నుంచి కందుల దిగుమతి మీద పరిమితులు ఎత్తివేసి, ఆ గడువును పొడిగిస్తూ వచ్చారు. మార్కెట్ యార్డులో కుప్ప ముందు నిలబడిన వ్యాపారి చెయ్యి పెట్టి గింజలు తీసి, నలిపి, తేమ ఉందనో, తాలు ఉందనో ధర తగ్గించినప్పుడు, ఆరు నెలల పని విలువ ఆయన రెండు వేళ్ళ మధ్య తేలిపోతుంది. పప్పు చవకగా ఉండాలని కోరుకునే పేదవాడి కోరికా న్యాయమే, గిట్టుబాటు కావాలన్న రైతు కోరికా న్యాయమే. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడటం సహజం కాదనీ, అలా నిలబెట్టిన విధానాలను మార్చవచ్చుననీ నేను ఇప్పుడు నమ్ముతున్నాను. ఇది పొలం నాకు ఇచ్చిన కొత్త నమ్మకం, ఇంతకుముందు నాకు లేనిది.

చివరగా, ఇంకా తేలని సంగతి ఒకటి మీ ముందు పెడతాను. మా చేనులో బోరు లేదు. పూత దశలో ఒక్క తడి ఇవ్వగలిగితే దిగుబడి బాగా పెరుగుతుందని నా భార్య వాదన, అది వాస్తవం కూడా. మేము లోతుగా బోరు వేస్తే దిగువనున్న పాత బావి ఎండిపోతుందేమోనని నా భయం. ఆ బావి మీద మూడు కుటుంబాల కూరగాయల మళ్ళు ఉన్నాయి. బోరు వేయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, అనుమతి దొరికినంత మాత్రాన ఆ మూడు కుటుంబాల ప్రశ్నకు జవాబు దొరికినట్టు కాదు. ఆ చేలకు పైభాగాన నీటికుంట తవ్వి వాన నీటిని నిలపడం ఒక మార్గమని కొందరు అంటున్నారు, నల్లరేగడిలో అది ఎంతకాలం నిలుస్తుందని మరికొందరి అనుమానం. మూడు కుటుంబాలతో కలిసి కూర్చుని మాట్లాడాలని అనుకున్నాము, కంది కోతలు అయ్యాక కూర్చుంటాము. ఈ సభలో భూగర్భ జలాల మీద పని చేసినవారు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. వారు ముందుగా మాట్లాడితే, మిగతా ప్రశ్నలు ఆ తరువాత తీసుకుంటాను.